కలలో నేర్చిన చీజ్ రొట్టె

ఏడాది నుంచి రెబెకా ఒక్క సాయంత్రం కోసం కాచుకుని ఉంది. ఈస్టరుకు ముందొచ్చే లెంటు దినాల ఇంటి ప్రార్థన మళ్ళీ తోడికోడలు ప్రసన్నకుమారి ఇంటికి రావాలి. పులివెందుల ఆడపిల్ల కోపం గప్పున మండి ఆరిపోతుందని ప్రొద్దుటూరులో అనుకుంటారు. ఆ ఊరి ఆడపిల్లే అయినా రెబెకా కోపం అట్లాంటిది కాదు, తోడేసిన పెరుగులాగా కదలకుండా పేరుకుంది.

పోయిన ఏడు ఏం జరిగిందంటే, ఆ నలభై దినాలూ నీచు ముట్టరు కాబట్టి ప్రార్థనకు వచ్చేవాళ్ళకు ఏం పెట్టాలో తోచక ప్రసన్న తల పట్టుకుంది. బడిలో పాఠాలు చెప్పి వచ్చిన రెబెకా అరగంటలో చేసి పంపింది. రొట్టె ముక్కలకు వెన్న పూసి ముందే కాస్త కాల్చింది. క్యాప్సికం, ఎర్రగడ్డ సన్నగా తరిగి, వేయించి నీళ్ళు ఇగిరించి పరిచింది. పైన చీజ్ తురిమి, బాగా కాగిన ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు పెట్టింది. అంతే. ట్రే ఆటోలో పోయింది, చీర మార్చుకుని వెనకాలే తను పోయింది.

పోయేసరికి ప్రసన్న లేచి నిలబడి, దేవుడు తనకు చేసిన మేలని సాక్ష్యం చెబుతోంది. "ప్రభువు ఈ వంట నాకు కలలో చూపించినాడు!"

"నా పెద్దకోడలి చేయే చేయి," అంది అత్త లీలమ్మ, అందరి ముందూ.

పదేళ్ళ కాపురంలో రెబెకా వంటకు అత్త నోట ఒక్క మంచి మాట రాలేదు. ఇన్నాళ్ళకు వచ్చిన ఆ ఒక్కటీ ప్రసన్న ఎగరేసుకుపోయింది.

ఈ ఏడు సాక్ష్యాల వేళ రెబెకా అందరికంటే ముందు లేచింది. "అమ్మగారూ, దేవుడు అక్కకు చూపించిన వంట మనమూ కండ్లారా చూడల్లని నా ఆశ. సామాను తెచ్చినా. ఓవెన్ గూడా ఆటోలో తెచ్చినా. లెయ్యక్కా."

"ఇప్పుడేందిమే..." ప్రసన్న నసిగింది.

"స్తోత్రం! చెయ్యమ్మా ప్రసన్నా," అంది అమ్మగారు, పాస్టరు అయ్యగారి భార్య. దేవుని పేరెత్తిన నోటితో కాదనడానికి లేదు.

ప్రసన్న కాల్చని రొట్టె మీదే పచ్చి ఎర్రగడ్డలు కుప్పపోసి, చల్లటి ఓవెన్‌లో పెట్టి, మీట చివరికంటా తిప్పింది. రెబెకా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. పొగ వచ్చాక తీస్తే కింద బొగ్గు, పైన పచ్చి. అమ్మగారు అలవాటుగా దాని మీద ప్రార్థన చేసేసింది. ప్రార్థన చేసిన తిండి పారేయకూడదు. వచ్చిన ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని నమిలారు, ప్రసన్న ముఖం మాడిపోయింది. రెబెకాకు ప్రాణం లేచి వచ్చింది.

లీలమ్మ రెబెకాను వంటింట్లోకి లాక్కుపోయింది. "ఇంక చాల్లేమే. పోయినేడు చేసింది నువ్వేనని నాకు తెల్సు. ఆటోలోంచి ట్రే దించుకునింది నేనే."

"మరి ఏల చెప్పలేదత్తా?"

"పెద్దదాని పరువు పోతాదని ఊరకుండినా. నువ్వైతే ఓర్చుకుంటావని."

ఏడాదిపాటు దాచుకున్న కోపం సగమే సరైన చోట పడిందని రెబెకాకు అప్పుడు తెలిసింది. ట్రేలో అన్నిటికంటే నల్లటి ముక్క ఏరి, అత్తను చెయ్యిపట్టి నడిపించుకొచ్చి, నడుమ కుర్చీలో కూర్చోబెట్టి ఆ ముక్క చేతిలో పెట్టింది.

"మాయత్త ఇంకా తినలేదమ్మగారూ," అంది గట్టిగా.

అందరి కళ్ళూ అటు తిరిగాయి. లీలమ్మ నమలసాగింది. రెబెకా మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది. చివరి ముద్ద గొంతు దిగేదాకా ఇవ్వలేదు.