కూర్చునే కవాతు

వాలుదారిని కూలగొడుతున్నంతసేపూ మేం అటెన్షన్‌లో నిలబడి చూస్తున్నాం.

ఈ మాట చెబితే మిల్లు గేటు దగ్గర కార్మికులు నవ్వారు. కాలేజీ పిల్లలు నవ్వలేదు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా ఎక్కడికి వెళ్ళినా నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. మా ఓటమి కాంట్రాక్టరు మిషనుతో మొదలు కాలేదు. మా మోకాళ్ళ దగ్గర మొదలైంది.

మేముండేది ఒకప్పటి సైనిక ఆసుపత్రిలో. యుద్ధం ఆగి పడకలు ఖాళీ అయ్యాక దాన్ని గదులుగా విడగొట్టి, ఒంట్లో ఏదో ఒకటి పోగొట్టుకుని తిరిగొచ్చిన మాలాంటి వాళ్ళకు ఇచ్చారు. లిఫ్టు లేదు. కానీ భవనం వెనక, స్ట్రెచర్లు తోసుకెళ్ళడానికి కట్టిన వెడల్పాటి వాలుదారి కింది నుంచి మూడో అంతస్తు దాకా మలుపులు తిరుగుతూ పోయేది. చక్రాల కుర్చీలు, చంకకర్రలు, నా కొయ్యకాలు, అన్నీ దాని మీదే. మా చక్రాలకు అరిగి ఆ నేల నున్నగా తేలింది. ముందువైపు మెట్లు కూడా ఉన్నాయి, ఇరుకుగా. వాటిని మేం పట్టించుకునేవాళ్ళం కాదు.

ప్రభుత్వం ఆ భవనాన్ని ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. అతనికి భవనం కావాలి, మేం అక్కర్లేదు. పొమ్మంటే అల్లరవుతుంది. అందుకని వాలుదారి పాతబడింది, మా క్షేమం కోసమే తీసేస్తున్నాం అన్నాడు. అది పోతే మా అంతట మేమే పోతామని అతనికి తెలుసు.

మిషను వచ్చిన రోజు పొద్దున్నే మేమంతా వాలుదారి మీద బైఠాయించాం. అందరికంటే కింద, మిషను పళ్ళకు ఎదురుగా, డ్రైవర్ చక్రాల కుర్చీకి బ్రేకు వేసి కూర్చున్నాడు. సైన్యంలో లారీ నడిపేవాడు. మందుపాతర మీదికి ఎక్కిన రోజున రెండు కాళ్ళూ తొడల దాకా పోయాయి. పక్కనే అతని భార్య. వీధులు ఊడ్చే పని ఆమెది. మా అందరికీ వదిన.

మిషను నడిపేవాడు ఇంజను ఆపేశాడు. "నా వల్ల కాదు సార్, వేరే ఎవర్నైనా చూస్కోండి" అని కాంట్రాక్టరుతో అని, పక్కకెళ్ళి సిగరెట్టు వెలిగించాడు.

గెలిచేశాం అనుకున్నాం.

అప్పుడు కాంట్రాక్టరు కారులోంచి మేజర్ దిగాడు. మాలో చాలామందికి ఒకప్పటి అధికారి. ఇప్పుడు కాంట్రాక్టరు దగ్గర కాపలా వ్యవహారాలు చూస్తున్నాడు. ఆయన తిట్టలేదు, బెదిరించలేదు. టోపీ సర్దుకున్నాడు. గుండె నిండా గాలి పీల్చాడు.

"ఫాలిన్!"

వరసలో నిలబడమనే ఆజ్ఞ. ఆ తర్వాత జరిగింది నేను చేసిన పని అనడానికి నాకిప్పటికీ నోరు రాదు. లేవాలని అనుకోలేదు. లేవకూడదనీ అనుకోలేదు. అనుకోవడానికి ముందే ఒళ్ళు లేచింది. నా ఒంట్లో నాకంటే ముందే కాపురం పెట్టినవాడెవడో ఉన్నాడు. వాడు తలుపు తీసి బయటికి నడిచాడు, వాడి వెనకే నేను. తేరుకునేసరికి ఆవరణలో వరసలో ఉన్నాను. నా పక్కన, సైన్యంలో వంటలు చేసిన వంటాయన, మిగిలిన ఒక్క చెయ్యీ తొడకు ఆనించి. అటు పక్కన, కళ్ళు పోయిన డ్రిల్లు మాస్టారు, ఆ గొంతు వచ్చిన దిక్కుకే సరిగ్గా తిరిగి. డ్రైవర్ బ్రేకు తీసి, కుర్చీ నడుపుకుంటూ వచ్చి ముందు వరస చివర ఆగాడు.

వాలుదారి మీద వదిన ఒక్కతే మిగిలింది. మిషను వెంట వచ్చిన ఇద్దరు ఆడ పోలీసులు ఆమెను చంకల కింద పట్టుకుని లేపారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. మా వైపు చూసింది.

మిషను మళ్ళీ కదిలింది. దుమ్ము మా కళ్ళల్లో పడింది. ఒక్కడూ తుడుచుకోలేదు. చివరి ముక్క కూడా విరిగిపడ్డాక మేజర్ "స్టాండెటీజ్" అన్నాడు. కాళ్ళు ఎడం చేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాం.

ఆ రోజు డ్రైవర్ ముందువైపు మెట్ల మీదుగా మూడో అంతస్తుకు ఎక్కాడు. వీపు మెట్ల వైపు పెట్టి, రెండు అరచేతులు పై మెట్టు మీద ఆనించి, ఒంటిని ఒక్కో మెట్టూ పైకి లాక్కుంటూ. మేం పట్టుకోబోతే వదిన అడ్డుపడింది. కుర్చీని నెత్తిన పెట్టుకుని అతని వెనకే ఎక్కుతోంది.

"అన్నా, ఒక్క మాట అడుగుతా చెప్పు" అంది నాతో. "ఆ కాళ్ళు మీవా, ఆ మేజర్‌వా?"

వంటాయన అందుకున్నాడు. "ఏం చెయ్యమంటావు వదినా? నాకు మిగిలిన ఒక్క చెయ్యీ సెల్యూట్ కొట్టేదే."

"అయితే అది కూడా పోవాల్సింది" అంది వదిన.

డ్రైవర్ ఇక కిందికి దిగలేడు కాబట్టి మీటింగు మూడో అంతస్తు వరండాలో పెట్టాం. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, పైవాళ్ళను మర్యాదగా కలుద్దాం అన్నాడు. "మనం సైనికులం. రౌడీలం కాదు. క్రమశిక్షణ పోతే మన దగ్గర ఇంకేముంది?"

"ఆ క్రమశిక్షణే కదా బాబాయ్ వాలుదారిని మింగింది" అంది వదిన.

"పోనీ, దీనికి బదులుగా ప్రభుత్వం చూపించిన చోటికి పోతే?" ఎవరో అన్నారు.

"నేను చూసొచ్చా. ఊరి చివర రేకుల షెడ్లు. గుమ్మానికి ఎత్తు మెట్లు. మరుగుదొడ్డి గుట్ట మీద. ఈయన్ని అందులో పడేస్తే పడేసినచోటే ఉంటాడు. అది ఇల్లంటారా?" వదిన ఒక్కొక్కరి మొహమూ చూసింది. "మా ఊడ్చేవాళ్ళ సంఘం సమ్మె అంటే చీపురు కింద పెట్టేస్తాం. చెత్త పేరుకుంటుంది, అప్పుడు దిగొస్తారు. మీరు కింద పెట్టాల్సింది కూడా ఒకటుంది. అదేంటో మీకు తెలియట్లేదు."

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న డ్రైవర్ మెల్లగా అన్నాడు. "నాకు తెలిసింది. మొన్న ఆయన అరిచినప్పుడు నా కాళ్ళు లేచాయిరా. లేని కాళ్ళు. మడమలు టక్కున కలిశాయి. ఆ చప్పుడు నాకు వినిపించింది." తొడల చివర్లు నిమురుకున్నాడు. "డ్రిల్లు చేసి ఎక్కించారు. డ్రిల్లు చేసే దించుకోవాలి."

మర్నాటి నుంచి రోజూ పొద్దున ఆ వరండాలో మా కవాతు సాగింది. ఒకరు ఆజ్ఞ ఇవ్వాలి. మిగతావాళ్ళు కూర్చునే ఉండాలి. అంతే పని.

మొదట వదిన అరిచింది. "ఫాలీన్!" అచ్చం చెత్తబండి వచ్చిందని వీధిలో కేకేసినట్టు. అందరం పగలబడి నవ్వాం. ఎవరూ లేవలేదు.

"ఇలా లాభం లేదు వదినా" అన్నాడు వంటాయన. "నువ్వు పిలిస్తే చెత్తబుట్టలు పట్టుకొస్తాం గానీ, వరసలో నిలబడం."

మాస్టారి వైపు తిరిగాం. బతుకంతా కుర్రాళ్ళకు ఆ ఒక్క ముక్క నేర్పిన మనిషి. చాలాసేపు మొహం గోడకు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత లేచాడు.

"ఫాలిన్!"

సగం మంది లేచారు. నేనూ లేచాను. మళ్ళీ కూర్చున్నాం. మళ్ళీ అరిచాడు. మళ్ళీ లేచాం. మాస్టారి చెంపలు తడిసిపోతున్నాయి, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

రోజులు గడిచేకొద్దీ లేచేవాళ్ళు తగ్గారు. ఒక పొద్దున ఆజ్ఞ నన్ను తాకి, పట్టు దొరక్క, దాటిపోయింది. కూర్చునే ఉన్నాను. అది స్వేచ్ఛ అనుకుంటారేమో. కాదు. లోపల కాపురమున్నవాడు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, గది బావురుమంటోంది, అందులోకి ఎవరు రావాలో నాకు తెలియదు. భయమేసింది. చుట్టూ చూశాను. కూర్చున్న ప్రతి మొహం మీదా అదే భయం ఉంది. ఆ భయమే మమ్మల్ని ఒకరికొకర్ని దగ్గర చేసిందని ఇప్పుడనిపిస్తుంది.

అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నవాడు డ్రైవర్. ఆజ్ఞ వినగానే అతని వెన్ను బిగుసుకునేది, తొడలు ఎగిరిపడేవి. "ఉన్న కాళ్ళకైతే చెప్పుకోవచ్చు, లేనివాటికి ఎలా చెప్పేది?" అనేవాడు. వదిన అతని తొడల మీద రెండు చేతులూ వేసి గట్టిగా అదిమి పట్టుకునేది. "చెప్పు. నీ మాట వింటాయి. నువ్వే కదా వాటిని యుద్ధం దాకా మోసుకెళ్ళింది."

ఈలోగా నీళ్ళు ఆపేశారు. తర్వాత కరెంటు. ఒక్కో కుటుంబం మూటలు కట్టుకుని షెడ్లకు వెళ్ళిపోయింది. వెళ్ళేవాళ్ళను మేం ఏమీ అనలేదు. వాళ్ళు మా కళ్ళలోకి చూడలేదు. మేం గెలవమని మాకూ తెలుసు. గెలవమని తెలిశాక కూడా కూర్చోవడం ఎలాగన్నదే అప్పుడు మేం నేర్చుకుంటున్నది.

పోలీసులు వచ్చిన పొద్దున మేం ముందువైపు మెట్ల నిండా కూర్చున్నాం, చేతులు చేతులు పెనవేసుకుని. పైన, వరండా చివర, డ్రైవరూ వదినా. మా కట్టుబాటు ఒక్కటే. ఎవరూ తమ కాళ్ళ మీద దిగకూడదు.

మేజర్ కింద నిలబడి గాలి పీల్చాడు.

"ఫాలిన్!"

ఎవరూ కదల్లేదు. ఆయన మా మొహాలు వెతికాడు, ఏదో పొరపాటు జరిగిందన్నట్టు. మళ్ళీ అరిచాడు. ఇంకోసారి అరిచేటప్పటికి గొంతు చీలింది.

"సార్, కాసిని వేడినీళ్ళు తాగండి" అన్నాడు వంటాయన. "గొంతు పోయిందంటే కాంట్రాక్టరు ఉద్యోగంలోంచి తీసేస్తాడు."

మెట్ల నిండా నవ్వు లేచింది. ఒక కానిస్టేబులు కూడా నవ్వి, నోరు మూసుకున్నాడు. ఆ క్షణంలో మేజర్ ముసలివాడని మొదటిసారి గమనించాను. జాలేసింది. ఆ జాలి కూడా పాత ఆజ్ఞలో ఒక ముక్కేనేమోనని అనుమానమూ వచ్చింది.

లాఠీలు లేచాయి. ఆ తర్వాత మమ్మల్ని మోయడం మొదలైంది. కాళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరం ఒక్కలాగే బరువుగా మారిపోయాం. ఒక్కొక్కరికీ ఇద్దరేసి, ముగ్గురేసి పోలీసులు. మా కోసం ఒక వాలుదారిని ఉండనివ్వని ప్రభుత్వం ఆ పూట మాలో ప్రతి ఒక్కణ్ణీ భుజాన మోసింది. మాకు దక్కిన విజయం అదొక్కటే.

చివరగా డ్రైవర్‌ను తెచ్చారు. అప్పటికి నన్ను వ్యానులో పడేశారు. కిటికీ జాలీలోంచి మెట్ల మలుపు కనిపిస్తోంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు అలిసిపోయి ఉన్నారు. ఆ మలుపు ఇరుకు. అందుకే కదా ఒకప్పుడు స్ట్రెచర్లకు వేరే దారి కట్టింది. వెనకవాడి కాలు జారింది. డ్రైవర్ చేతులు పట్టు కోసం గాలిలో వెతికాయి. తల మెట్టు అంచుకు తగిలిన చప్పుడు వ్యానులో ఉన్న అందరికీ వినిపించింది.

ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ప్రమాదం అని రాశారు.

గదులకు తాళాలు పడ్డాయి. మమ్మల్ని వదిలేశాక రేకుల షెడ్లకు చేరాం. వదిన అక్కడికి రానంది. సంఘం ఆఫీసులో చీపుర్ల గదిలో పడుకుంటోంది. ఆ భవనానికి ఇప్పుడు కొత్త రంగు వేశారు. వెనకవైపు, వాలుదారి ఉన్నచోట, కార్లు నిలుపుతున్నారు.

డ్రైవర్‌ను సాగనంపడానికి ప్రభుత్వం మర్యాదలు పంపింది. జెండా, పూలచక్రం, తుపాకులతో కుర్రసైనికుల వరస. ఆజ్ఞలివ్వడానికి, అతని పాత అధికారి కదా అని, మేజర్‌నే పిలిపించారు. వదిన వద్దని అరిచింది. ఇది కుటుంబం చేతిలో ఉన్న విషయం కాదన్నారు.

శ్మశానంలో మేమున్నాం, ఊడ్చేవాళ్ళ సంఘం వచ్చింది, మిల్లు నుంచి కొందరు వచ్చారు. మేజర్ టోపీ సర్దుకున్నాడు.

"అటెన్షన్!"

వదిన భర్త తల దగ్గర నేల మీద కూర్చుంది. డ్రిల్లు మాస్టారు వంగి, అరచేత్తో నేలను తడుముకుని కూర్చున్నాడు. వంటాయన కూర్చున్నాడు. నా కొయ్యకాలుకు నిలబడటమే తేలిక. కూర్చోవాలంటే ముందు దాన్ని బారచాపి, కర్ర మీద బరువు వేసి, ఒరుగుతూ పడాలి. పడ్డాను. మా వెనక ఊడ్చేవాళ్ళు, మిల్లువాళ్ళు, అందరూ కూర్చున్నారు. నిలబడి ఉన్నది మేజరూ ఆ కుర్రసైనికులూ మాత్రమే.

వరసలో చివరివాడి చూపు ఎదురుగా ఉండాలి. అది కిందికి దిగింది. నా కొయ్యకాలి మీద కాసేపు ఆగింది. అక్కణ్ణుంచి తన బూట్ల మీదికి వెళ్ళింది.

గాలిలోకి కాల్చమని ఆజ్ఞ వచ్చింది. తుపాకులు పేలాయి. చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

మాస్టారు చెవి ఒగ్గి విన్నాడు. "ఒకటి పేలలేదు" అన్నాడు.

"ఏంటి బాబాయ్?" అంది వదిన.

"ఒక తుపాకీ పేలలేదమ్మా. చివరిది."

ఆ కుర్రాణ్ణి అక్కణ్ణుంచే పట్టుకుపోయారు. ఏ గదిలో పెట్టారో, ఏం చేస్తున్నారో తెలియదు. విడిపించగలమన్న ఆశ నాకు లేదు. ఆశ కోసం చూస్తూ కూర్చుంటే మేం ఏనాటికీ కూర్చోలేకపోయేవాళ్ళం. రేపు పొద్దున వాళ్ళ బారక్ గేటు ముందుకు వెళుతున్నాం, వదినా, మాస్టారూ, వంటాయనా, నేనూ, మాతో మిగిలినవాళ్ళూ. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

మీరూ రండి. నిలబడాల్సిన పని లేదు.