పొగ తాగని ఇల్లు

నేను ఒక ఇనుప కొక్కేన్ని. ఒక మనిషి ఊపిరి కొంచెం కొంచెంగా పోవడం మొదటి నుంచీ చూసిన సాక్షిని. నన్నెవరూ అడగలేదు. అయినా చెబుతున్నాను.

విరిగిన బండి పట్టా ముక్కను కమ్మరి ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంచితే పుట్టాను. ఓదెలు నన్ను కొని తెచ్చి, పొయ్యికి సరిగ్గా పైన దూలానికి బిగించాడు. ఆ వారమే ఓదెలును పెళ్లాడి, కొత్త కోడలిగా బాలవ్వ ఆ ఒంటిగది ఇంట్లో అడుగుపెట్టింది.

ఓదెలుకు ఒరుగులంటే ప్రాణం. ఉప్పూ పసుపూ పట్టించిన మాంసం పేలికలను తాడుకు గుచ్చి నాకు వేలాడదీస్తారు. కింద పచ్చి తుమ్మకట్టె రాజుకుంటుంది. మంట లేస్తే మాంసం కాలిపోతుంది, పొగ తగ్గితే ఈగలు వాలతాయి. అందుకే పొయ్యి పక్కన ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి. ఆ మనిషి ఎప్పుడూ బాలవ్వే. ఓదెలు వాకిట్లో కల్లు పోసుకుని, ముక్క నములుతూ స్నేహితులతో అనేవాడు, "నా చేతి ఒరుగులు ఈ చుట్టుపక్కల ఎవ్వడు చెయ్యడు."

నాకు మసి పట్టింది. ఆమెకు దగ్గు పట్టింది. నా మసి అందరికీ కనపడేది.

కూతురు స్వరూపకు ఒక్కదానికే ఆ దగ్గు వినబడింది. కరీంనగర్‌లో బట్టల దుకాణంలో పనిచేసే ఆ పిల్ల ఒకరోజు కరెంటు మీద నడిచే స్లో కుక్కర్ తెచ్చింది. మాంసం అందులో వేసి, మూతపెట్టి, తల్లిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

"కూర ఉడుకుతుంటే ఇట్ల బయట కూసోవచ్చునా బిడ్డా?" అంది బాలవ్వ. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

ఓదెలు మాత్రం దాని ముందే కాపలా కూర్చున్నాడు.

"ఎన్ని ఈలలకు దించాలె?"

"ఇది ఈల వెయ్యదు బాపూ. మెల్లగ ఉడుకుతది. మూత మాత్రం తియ్యకు."

ఈల లేని కుక్కర్‌ని ఆయన నమ్మలేకపోయాడు. కూతురు అటు తిరిగిన ప్రతిసారీ మూత తీసి చూశాడు. ప్రతిసారీ వేడంతా బయటికి పోయింది. స్నేహితులు విస్తళ్ల ముందు కూర్చునేసరికి ముక్క తోలులా సాగుతోంది.

"ఏం ఓదెలూ, చెప్పులు ఉడకబెట్టినవా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఓదెలు నవ్వలేదు. "పొగ తగలని మాంసం మాంసమా?" అని కుక్కర్‌ని అటక మీదికి ఎక్కించాడు. "లేవే బాలీ, పొయ్యి రాజెయ్యి."

స్వరూప అడ్డుపడింది. "బాపూ, అవ్వకు దమ్ము ఆడుతలేదు."

"ఊకో బిడ్డా, నాకలవాటే," అంటూ బాలవ్వ లేచింది.

ఆ చలికాలం అలవాటు కూడా ఆమెను కాపాడలేదు. మంచంలో కూర్చుంటే ఆయాసం, పడుకుంటే ఆయాసం. స్వరూప పరుగెత్తుకొచ్చింది. ఊరి డాక్టరు వచ్చాడు. సెలైన్ సీసా తగిలించడానికి చుట్టూ చూస్తే నేను కనపడ్డాను. మంచం పొయ్యిని ఆనుకునేలా నా కిందికి జరిపారు. మాంసం వేలాడిన చోట మందు వేలాడింది.

ఛాతీ మీద గొట్టం పెట్టి విని, డాక్టరు అడిగాడు. "పొగ తాగుతదా?"

ఓదెలుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మా ఇంట్ల ఆడోళ్లకు ఆ అలవాటు లేదు సార్. బీడీ ముట్టదు."

"తాగుతది సార్," అంది స్వరూప. "పెండ్లయిన కాన్నుంచి తాగుతనే ఉన్నది."

ఆ పిల్ల నా వైపు చూసింది. డాక్టరు కూడా తలెత్తి చూశాడు. ఓదెలు తలెత్తలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నారు, ఆటోకి మనిషిని పంపారు. ఆటో వాకిట్లోకి వచ్చేసరికి సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయి, ఊపిరి ఆగిపోయింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. అన్నం పక్కింటి నుంచి వచ్చింది. నా కింద గాలి మొదటిసారి తేటగా ఉంది. అందులో పడుకుని ఉంది బాలవ్వ, దగ్గకుండా.