ఎవరు తెచ్చిన అడ్మిషన్?

"సున్నాలన్నీ లేచి నిలబడాలి" అన్నారు చైర్మన్‌గారు మైకులో.

సెమినార్ హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే లేచారు. ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడలేదు. వాళ్ళు దొంగతనం చేసినవాళ్ళు కారు, పరీక్ష తప్పిన పిల్లలూ కారు. తాడేపల్లిగూడెం దాటాక హైవే పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్లు. ఎండలో ఊళ్ళమ్మట తిరిగి ఒక్క కొత్త విద్యార్థినైనా చేర్పించలేకపోయారు కనక ఆ వారానికి వాళ్ళ పేరు సున్నా. సోమవారం మీటింగు ముగిసేదాకా సున్నాలు నిలబడే ఉండాలి. అది ఆ కాలేజీలో చైర్మన్‌గారు పెట్టిన ఆచారం.

నిలబడ్డవాళ్ళలో మ్యాథ్స్ చెప్పే జ్ఞానప్రసూనాంబ ఉంది. ఏడో నెల. ఒక చెయ్యి నడుం మీద వేసుకుంది, ఇంకో చెయ్యి ముందు కుర్చీ వీపుకి ఆన్చింది.

వీరదుర్గ కూర్చుని ఉంది. ఆమె సివిల్ డిపార్టుమెంటు. తెర మీద ఆమె పేరు పక్కన ఒకటి అని పడింది. ఆ ఒకటి న్యాయానికి ప్రసూనది.

శుక్రవారంనాడు మండవల్లి అవతల చేపల చెరువుల గట్టు మీదున్న ఊళ్ళో రత్నాంబ అనే ఆవిడ ఇంటికి ప్రసూన ముందు వెళ్ళింది. ఆవిడ కూతురు మేఘన ఇంటర్ పాసైంది. ప్రసూన వాళ్ళ అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, పిల్లని మీ కాలేజీలోనే చేర్పిస్తామని మాట తీసుకుని, ఫారాలు అయిపోయాయి రేపు తెస్తానని చెప్పి వెళ్ళింది. సాయంత్రం వీరదుర్గ అదే గుమ్మం ఎక్కింది. ఆమె పుట్టిల్లు పక్క ఊరే. "పిన్నిగారూ, నేను ఫలానావాళ్ళ అమ్మాయినండి" అంది. పిన్ని అన్నాక ఇంకేం కావాలి? రత్నాంబ సంతకం పెట్టేసింది. "పొద్దున ఇంకో మేడం వచ్చారమ్మా, ఒట్టి మనిషి కూడా కాదు, ఆవిడకి చెప్పావా?" అని అడిగింది. "చెప్తానండి" అని వచ్చేసింది వీరదుర్గ. చెప్పలేదు. చెప్తే సోమవారం తను నిలబడాలి.

ఒకే కాలేజీవాళ్ళు ఒకే గుమ్మం దగ్గర ఒకరి నోటి ముందు ముద్ద ఒకరు లాక్కునే పని అది. జీతమిచ్చేవాడికి అంతకంటే ఏం కావాలి?

చైర్మన్‌గారు మైకు సర్దుకున్నారు. "నేను కొల్లేట్లో చెరువులు తవ్వించి పైకొచ్చినవాణ్ణి. మేత వేస్తే చేప తూకం రావాలి. రాకపోతే ఆ చెరువు ఎండగట్టేస్తాను. నెలనెలా మీకు మేత వేస్తున్నానా, లేదా? తింటున్నారు, తూకం మాత్రం రావట్లేదు."

ముందు వరసలో ప్రిన్సిపాల్‌గారు నవ్వారు. ఆయన నవ్వారని హెచ్.ఓ.డీ.లు నవ్వారు.

తల నెరిసిన కృష్ణమోహన్ మాస్టారు, ఫిజిక్సు ఆయన, భయంభయంగా చెయ్యెత్తారు. "ఏవండీ, ప్రసూనగారినొక్కరినీ కూర్చోనివ్వండి. ఒట్టి మనిషి కాదు కదండీ."

"కాదని నాకూ తెలుసు మాస్టారూ. రేపోమాపో సెలవంటూ వస్తుంది. రెండు అడ్మిషన్లు పెట్టి తీసుకోమనండి సెలవు. ఇక్కడెవరికీ ఊరికే ఇవ్వం."

కరెంటు పోయింది. జనరేటరు చైర్మన్‌గారి గది ఏసీకే గాని హాలు ఫాన్లకి లేదు. మీటింగు సాగుతూనే ఉంది. ప్రసూన చెయ్యి కుర్చీ మీంచి జారింది. ఆ తర్వాత మనిషే జారింది.

"నీళ్ళు చల్లండి" అన్నారు చైర్మన్‌గారు. "మిగతావాళ్ళు కదలొద్దు. మీటింగ్ అవలేదు."

వీరదుర్గ కుర్చీ తన్నుకుంటూ పరిగెత్తింది. ఆమె వెనకాల మెకానికల్ ఇమ్మానుయేలు. ఇద్దరూ ప్రసూనని మోసుకుంటూ బయటికొచ్చేసరికి డ్రైవరు వెంకట్రాజు బస్సు స్టార్టు చేసే ఉంచాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అవుట్ పాస్ అడిగాడు.

"ఆయ్, పాసు వచ్చాక చూపిత్తానండి. ముందు గేటు తియ్యండి, లేపోతే గేటుతో సహా ఏలూరు ఎల్లిపోతాం" అన్నాడు వెంకట్రాజు.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ వీరదుర్గని పక్కకి పిలిచింది. "బిడ్డ నిలిచింది. ఇంక ఈవిడ మంచం దిగకూడదు. ఏం పని చేస్తారమ్మా ఈవిడ? కోత పనా?"

"లెక్చరరండి" అంది వీరదుర్గ. ఆ మాట చెప్తుంటే సిగ్గేసింది. అందులో సిగ్గెందుకో అప్పటికి తెలియలేదు.

ఆ రోజు ఇంట్లో అన్నం దగ్గర కూర్చుంది. ఫోను గుర్రుమంది. ఆమె అడగకుండానే ఎనిమిదేళ్ళ కూతురు సాయిప్రియ లేచి వెళ్ళి ఫోను తెచ్చి కంచం పక్కన పెట్టింది. తల్లి అన్నం తినేటప్పుడు మంచినీళ్ళతోపాటు ఫోనూ పెట్టాలని ఆ పిల్ల నేర్చేసుకుంది. సెమిస్టరంతా పాఠాలు, ల్యాబులు, తనిఖీవాళ్ళు వస్తారని అరలకొద్దీ ఫైళ్ళు. ఆదివారం ఇంటికి పేపర్లు. ఎండాకాలం ఈ గుమ్మాల తిరుగుడు. ఈ మధ్యలో పిల్ల ఎప్పుడు ఇది నేర్చుకుందో తల్లి చూడనేలేదు.

ఫోన్లో కాలేజీ గ్రూపు. "జ్ఞానప్రసూనాంబ అనుమతి లేకుండా మీటింగు మధ్యలో వెళ్ళిపోయినందున రాజీనామా చేసినట్టు పరిగణిస్తున్నాం."

కింద వరసగా హెచ్.ఓ.డీ.ల బొటనవేళ్ళ బొమ్మలు.

వీరదుర్గ ముద్ద కంచంలోనే వదిలేసింది.

కాలేజీలో నలుగురు నిలబడి మాట్లాడుకుంటే కెమెరా చూస్తుంది. కెమెరా లేనిది బస్సులోనే. మర్నాడు సాయంత్రం గూడెం నుంచి ఏలూరు వెళ్ళే స్టాఫ్ బస్సు ఎక్కగానే ఇమ్మానుయేలు డోరు వేసేశాడు.

"రాజుగారూ, కొంచెం నెమ్మదిగా పోనివ్వండి. మీటింగుంది."

"ఉంగుటూరు కాడ ట్రాక్టర్లు అడ్డంగానే ఉంటాయిలెండి. మాట్లాడుకోండి."

కృష్ణమోహన్ మాస్టారు ముందు అందుకున్నారు. అర్జీ పెడదామన్నారు. మంచి ఇంగ్లీషులో పెడదామన్నారు. ఇంక చూడండి, బస్సులో ఉన్నవాళ్ళంతా పంతుళ్ళే కదా! రిక్వెస్ట్ అనాలని ఒకరు, అపీల్ అనాలని ఒకరు. ఫాంటు సైజు ఎంతుండాలని ఇంకొకరు. పెదతాడేపల్లి దాటింది, బాదంపూడి దాటింది, అర్జీలో మొదటి వాక్యం తెగలేదు.

"చాల్లెండి బాబూ!" ఇమ్మానుయేలు అరిచాడు. "అక్కడ మనిషి పడిపోతే ఇక్కడ కామాలు దిద్దుతున్నారేంటండీ? అర్జీ పట్టుకెళ్తే ఆయన దాన్ని కూడా మూడు కాపీలు స్పైరల్ బైండింగు చేయించి తెమ్మంటాడు."

బస్సంతా నవ్వింది.

"వేరే కాలేజీకి పోతే గొడవుండదు కదండీ" అన్నాడు సాయికృష్ణ. నిరుడే చేరిన కుర్రాడు.

"మీ డిగ్రీ ఒరిజినల్స్ ఎక్కడున్నాయి నాన్నా?" అడిగారు మాస్టారు.

"ఆఫీసు బీరువాలో."

"అందరివీ అక్కడే. తాళం ఆయన దగ్గర. పశువుకి పలుపు, మనకి సర్టిఫికెట్టు."

"మనం కూలోళ్ళం కాదు కదండీ యూనియన్లు పెట్టడానికి. ప్రొఫెసర్లం" అన్నారు వెనక సీట్లోంచి ఎవరో.

"జీతాన్ని మేతంటే నవ్వుకుంటూ కూర్చున్న ప్రొఫెసర్లం" అంది వీరదుర్గ.

ఆమె లేచి నిలబడింది. బస్సు ఊపుకి కమ్మీ పట్టుకుంది.

"నా పేరు పక్కన ఒకటి పడింది చూశారా? అది ప్రసూనగారిది. ఆవిడ మాట తీసుకున్న పిల్లని నేను పిన్నిగారూ అంటూ వెళ్ళి పట్టుకొచ్చాను. నేను కూర్చున్న కుర్చీ ఆవిడదండి. నన్ను తిట్టండి, పడతాను. కానీ ఈ బస్సులో ఇలాంటి పని చెయ్యనివాళ్ళెవరో చెయ్యెత్తండి."

ఎవరి చెయ్యీ లేవలేదు. వీరదుర్గ ఆగలేదు.

"మనల్ని నిలబెడుతున్నది చైర్మన్ కాదండి. ఎవరు తెచ్చిన అడ్మిషన్ అన్న ఒక్క ప్రశ్న. దానికి మనం పోటీపడి జవాబు చెప్తున్నంతకాలం ఎవరో ఒకరు సున్నా అవుతూనే ఉంటారు. మా వైపు వల లాగేటప్పుడు ఏ చేప ఎవరి చేతికి తగిలిందని అడగరు. లాగినవాళ్ళందరిదీ ఆ వల. ఈ వారం నుంచి ఏ ఫారం మీదా ఒక్కరి పేరు వద్దు. తెచ్చింది అధ్యాపకులందరూ అని రాద్దాం."

"ఒక్కడు తప్పినా మిగతావాళ్ళం రోడ్డున పడతాం" అన్నారు మాస్టారు.

"ఒక్కళ్ళూ తప్పకపోతే ఆయన పడతాడు" అన్నాడు ఇమ్మానుయేలు.

వాదులాట భీమడోలు దాకా సాగింది. ఇంటి అప్పున్నవాళ్ళు భయపడ్డారు, కోపమున్నవాళ్ళు అరిచారు, అటూఇటూ కానివాళ్ళు కిటికీలోంచి వరిచేలు చూశారు. చివరికి మాస్టారే అన్నారు. "ముప్పై ఏళ్ళుగా పిల్లలకి బలాల కూడిక చెప్తున్నాను. ఒక్కసారి నేనూ చేసి చూస్తాను. రాసుకోండి నా పేరు... అదే, రాయకండి నా పేరు."

సోమవారం వచ్చింది. తెర వెలిగింది. వచ్చిన ప్రతి అడ్మిషన్ పక్కనా ఒకటే మాట: అధ్యాపకులందరూ.

చైర్మన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఏంటిది? ఎవరు తెచ్చిన అడ్మిషన్?"

"మా అందరిదీ అండి" అన్నాడు సాయికృష్ణ.

"ఆటలాడుతున్నారా? సున్నాలు లేవండి!"

హాలు హాలంతా లేచింది. మోకాళ్ళ నొప్పులతో కృష్ణమోహన్ మాస్టారు అందరికన్నా ఆలస్యంగా లేచారు. ఆయన లేచేదాకా హాలు ఎదురుచూసింది. తలుపు దగ్గర అటెండర్లు గోడకి ఆనుకున్నవాళ్ళు కాస్తా నిటారుగా అయ్యారు.

"సరే, కూర్చోండి" అన్నారు చైర్మన్‌గారు.

ఎవరూ కూర్చోలేదు.

"కూర్చోమంటున్నానా!"

వీరదుర్గ మాట్లాడింది. "ప్రసూనగారి రాజీనామా అన్నది అబద్ధం. ఆవిడకి ప్రసూతి సెలవు హక్కు, మీరిచ్చే బహుమతి కాదు. మా సర్టిఫికెట్లు మాకివ్వండి. ఇంక గుమ్మాలెక్కి పిల్లల్ని పట్టుకొచ్చే పని మాది కాదు. మా పని చదువు చెప్పడం. ఆ పనికి ఒక వేళ ఉంది, దాని తర్వాత మాకు ఇళ్ళున్నాయి."

"నీ ఇల్లు నేను చూపిస్తాను" అన్నారు చైర్మన్‌గారు. ఫోను తీశారు.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. యాజమాన్యాన్ని గదిలో నిర్బంధించారని ఫిర్యాదు. వీరదుర్గనీ, ఇమ్మానుయేలునీ జీపెక్కించారు. జీపు గేటు దాటేలోగా లెక్చరర్లు బస్సుల్లోకి ఎక్కేశారు. "ఎక్కడికండీ?" అని అడగలేదు వెంకట్రాజు. జీపు వెనకాలే పోనిచ్చాడు. వర్క్‌షాప్‌లో ఉన్న ఫైనలియర్ పిల్లలు బైకుల మీద వచ్చారు. "మాకు మార్కులు తగ్గిస్తారేమో సార్" అన్నాడొకడు మాస్టారితో. "మార్కులేసేది మేమేరా" అన్నారాయన. పిల్లలు ఈలలేశారు.

స్టేషన్ ముందు రోడ్డు నిండిపోయింది. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్‌గారు కారు దిగారు. మొహాన నవ్వు పులుముకుని, వీరదుర్గని ఉంచిన గది కిటికీ దగ్గరికొచ్చారు.

"వీరదుర్గగారూ, చైర్మన్‌గారు పెద్ద మనసు చేసుకున్నారమ్మా. ప్రసూనగారికి సెలవిచ్చేశారు. ఉద్యోగమూ ఉంటుంది. మీ మీద కేసూ ఉండదు. అందరూ వెళ్ళి ఫీల్డులో పడితే సరిపోతుంది. మీరడిగింది అదే కదా?"

గుంపులో గుసగుసలు లేచాయి. "ఇచ్చేశారటండి." "చాల్లే, ఇంక ఇంటికి పోదాం." "ఇంతదూరం వచ్చింది అందుకేగా." తాడు అక్కడే పురి వదులుతుందని వీరదుర్గకి తెలిసిపోయింది. ఊచలవతల నుంచి అరిచింది. "ప్రసూనగారినే అడగండి!"

మాస్టారు ఫోను కలిపి స్పీకరులో పెట్టారు. సంగతి చెప్పారు. అవతల ఆసుపత్రి మంచం మీంచి ప్రసూన అంతా వింది.

"నాకు సెలవు కావాలండి" అంది ప్రసూన. "చాలా కావాలి. కానీ నన్నొక్కదాన్ని కూర్చోబెట్టి మీ అందర్నీ మళ్ళీ నిలబెడతామంటే ఆ సెలవు నాకొద్దు. నా కడుపులో బిడ్డని అడ్డం పెట్టుకుని ఉద్యమం ఆపొద్దండి. వీరదుర్గగారికి చెప్పండి, మేఘన అడ్మిషన్ సంగతి నాకు ఫారం పట్టుకెళ్ళిన రోజే తెలిసింది. కోపం పోలేదు. వచ్చాక పోట్లాడతాను. ఇప్పుడు మాత్రం కదలకండి."

వీరదుర్గ ఊచలకి నుదురు ఆనించింది. ఏడ్చిందో నవ్విందో లోపలున్న కానిస్టేబుల్‌కి అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్‌గారు కారెక్కారు. ఇంటికి పోదామన్నవాళ్ళే ముందుగా రోడ్డు మీద కూర్చున్నారు.

అప్పుడొచ్చి ఆగింది ఒక వ్యాను. దాని మీద ఇంకో ఇంజనీరింగ్ కాలేజీ బ్యానరు. లోపల అదే ఎండలో అదే పని మీద తిరుగుతున్న లెక్చరర్లు. ఊళ్ళల్లో గుమ్మాల దగ్గర వీళ్ళకి శత్రువులు. ముందు సీట్లోంచి బాలాత్రిపురసుందరి దిగింది. కిందటేడు ఉంగుటూరులో ఒక కుర్రాడి కోసం వీరదుర్గతో నడివీధిలో తిట్టుకున్న మనిషి.

"ఏవండీ, సున్నా వస్తే మీ దగ్గర నిలబెడతారా?" అని అడిగింది.

"మీ దగ్గరో?" అన్నారు మాస్టారు.

"మాకు దండ వేస్తారండి. సున్నా వచ్చినవాళ్ళ మెళ్ళో దండ వేసి ఫొటో తీసి గ్రూపులో పెడతారు. మా అబ్బాయి చూశాడు. అమ్మా, నీకెందుకు సన్మానం అనడిగాడు."



ఆమె చేతిలో ఫోను మోగింది. కాలేజీ నుంచి. ఏ ఊళ్ళో తిరుగుతున్నారో లొకేషన్ పెట్టమని గంటకోసారి వచ్చే ఫోను. బాలాత్రిపురసుందరి స్టేషన్ బోర్డు వైపు ఒకసారి చూసి, లొకేషన్ నొక్కి, చెంగుతో మొహం తుడుచుకుని రోడ్డు మీద మాస్టారి పక్కన చతికిలబడింది.

"పెట్టానండి" అంది ఫోన్లో. "ఆ, పోలీస్ స్టేషనే. ఫోను తప్పు చూపించట్లేదండి, ఇక్కడే కూర్చున్నాం. రేపు కూడా ఇక్కడే ఉంటాం."

వ్యానులోంచి మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు.