సరస్సు అడుగున పొయ్యి

పొద్దున కాఫీ తాగగానే హలీనా చేసే మొదటి పని పెరట్లోకి వెళ్లి బట్టలారేసే తీగ మీది ఎర్ర బొంతను కర్రతో బాదడం. రాత్రి పేరుకున్న మంచు అంతా రాలి ఎరుపు బయటపడేదాకా వదలదు. పెరడు దాటితే ఎత్తయిన గట్టు, గట్టు కింద అమెరికాకీ కెనడాకీ మధ్య ఉన్న ఈరీ సరస్సు. ఆ ఎరుపు నీళ్ల మీద దూరంగా ఉన్నవాళ్లకి కనబడాలి.

గల్ పాయింట్ చేపలు పట్టేవాళ్ల ఊరు. తాతలు పోలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డప్పటి నుంచీ అక్కడి ఆడవాళ్లకో పద్ధతి ఉంది. సూప్ పొయ్యెక్కగానే పెరటి తీగ మీద ఏదో ఒక ఎర్ర గుడ్డ వేస్తారు. పడవలో ఉన్న మనిషి అది చూసి, లోపలి ఇనప పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు పడేసి, చేతులు కాచుకుని వలలు లాగడం మొదలుపెడతాడు. అతను వచ్చి గడప తొక్కేదాకా గుడ్డ దించకూడదు. దించారంటే ఇక ఆ మనిషి కోసం చూడటం లేదని అర్థం.

హలీనా మొగుడు బ్రోనెక్ పద్నాలుగేళ్ల కిందట ఒక నవంబరు తుఫానులో పడవతో సహా మునిగిపోయాడు. బొంత అప్పటికే తీగ మీద ఉంది. ఆమె దించలేదు. ఆ శీతాకాలం నుంచి ఊరి ముందు నీళ్లలోంచి సన్నగా పొగ లేస్తోంది. కింద బ్రోనెక్ పొయ్యి మండుతోందని అందరికీ తెలుసు. బొంత కనబడుతున్నన్నాళ్లూ అతను ఇదిగో వచ్చేస్తున్నానంటూ కట్టెలు వేస్తూనే ఉంటాడు. బతికి ఉన్నప్పుడూ అంతే, ఇదిగో అంటే సాయంత్రమయ్యేది.

దీంతో ఊరికి ఒకటే చిక్కు. ఈరీ లోతు తక్కువ సరస్సు. గడ్డకట్టిందంటే ఒడ్డునున్న ఊళ్లకి మంచు బెడద తగ్గుతుంది. నీళ్లు వెచ్చగా, పైగాలి చల్లగా ఉన్నప్పుడే అసలు గొడవంతా. కెనడా వైపు నుంచి దిగిన చలిగాలి నీళ్ల మీదుగా వస్తూ ఆ వెచ్చదనాన్నీ తడినీ పీల్చుకుంటుంది. అదంతా పైకెక్కి మబ్బవుతుంది. ఒడ్డు తగలగానే మొత్తం అక్కడే కుమ్మరిస్తుంది. బ్రోనెక్ పొయ్యి రాజుకున్నప్పటి నుంచి సరస్సు గడ్డకట్టలేదు. టీవీలో వాతావరణం చెప్పే అతను కూడా అంకెలన్నీ చదివాక, "బ్రోనెక్ గారి పొయ్యి ఉండనే ఉంది కాబట్టి గల్ పాయింట్ వాళ్లు ఇంకో అడుగు మంచు కలుపుకోండి" అంటాడు.

వీధుల్లో మంచు తోసే బండి నడిపే నోర్బర్ట్ ఆ ఇంటి ముందు ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా వెళ్లడు.

"పిన్నీ, బాబాయ్‌కి ఒక్క వారం తడి కట్టెలు తగిలితే బాగుణ్ణు. నా నడుం విరిగిపోతోంది."

"మీ బాబాయ్ తడి కట్టెలు కూడా మండించగలడు. నువ్వు కబుర్లాపి తోసుకో నాయనా."

ఆ ఏడు జనవరి చివర్లో గాలి నైరుతి పట్టింది. నైరుతి గాలంటే సరస్సు ఆ కొస నుంచి ఈ కొసకి నిలువునా వస్తుంది. నీళ్ల మీద ఎంత దూరం ప్రయాణం చేస్తే అంత బరువెక్కుతుంది. మబ్బు సన్నని పట్టీలా సాగి సరిగ్గా గల్ పాయింట్ మీద నిలబడింది. అటో ఇటో కదిలి ఉంటే పది ఊళ్లు కాస్త కాస్త పంచుకునేవి. అది కదల్లేదు. నాలుగు మైళ్ల ఉత్తరాన జనం ఎండలో కుక్కల్ని తిప్పుకుంటున్నారు. ఇక్కడేమో నోర్బర్ట్ వీధి చివరికి వెళ్లి వెనక్కి తిరిగేసరికి వచ్చిన దారి మాయమవుతోంది. మంచు కురుస్తుండగానే ఉరుములు ఉరిమాయి.

మామూలు ఏడాదయితే హలీనా కిటికీ దగ్గర కూర్చుని అల్లిక పని పెట్టుకునేది. ఈసారి ఆమె కళ్లు కుర్చీలో కూర్చున్న యాద్విగా మీదే ఉన్నాయి. యాద్విగా బ్రోనెక్ చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. అన్న పోయాక వదినకి నాలుగు రోజులు తోడుంటానని వచ్చి, ఇంటి పెత్తనమంతా తీసుకుని ఉండిపోయింది. ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారానికి మూడుసార్లు బఫలో పట్నం వెళ్లాలి. మంచుకి దారి మూసుకుపోయి సోమవారం వెళ్లలేకపోయింది. బుధవారమూ అంతే. శుక్రవారం పొద్దుటికి కాళ్లు ఉబ్బి మేజోళ్లు ఎక్కలేదు, పడుకుంటే ఊపిరాడలేదు.

ఫోనులో నర్సు ఇవాళ ఎలాగైనా తీసుకురమ్మంది. ఆ మబ్బులోకి హెలికాప్టరు దిగదు. అంబులెన్సు ఉత్తరాన, ఎండకీ మంచుకీ మధ్య సరిహద్దులో ఆగిపోయింది. గాలి ఆదివారం దాకా మారదని టీవీ అతను చెప్పాడు. "సరస్సు గడ్డకడితే తప్ప" అని, కెమెరా వైపు చూడలేక కాగితాల వైపు చూశాడు.

హలీనా టీవీ కట్టేసింది.

"వదినా, ఆ బొంత జోలికి వెళ్లావో, ఊరుకోను" అంది యాద్విగా.

"నేనేమన్నానని?"

"అనలేదు. ఇందాకటి నుంచి కిటికీలోంచి దాన్నే చూస్తున్నావు. నాకు ఉబ్బింది కాళ్లు, కళ్లు కాదు."

"నోరు మాత్రం బాగానే ఉంది."

యాద్విగా నవ్వబోయింది. ఊపిరి అందక నవ్వు మధ్యలో ఆగిపోయింది. కాసేపు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, మెల్లగా అంది.

"అన్నయ్యకి చలి ఎక్కువ వదినా. చిన్నప్పుడు నలుగురం ఒకే మంచం. వాడి కాళ్లు ఎప్పుడూ చల్లగా ఉండేవి. తెచ్చి నా వీపుకి ఆనించేవాడు. ఎంత తిట్టినా తీసేవాడు కాదు. ఆ పొయ్యి ఆరితే వాడేమైపోతాడు?"

"మరి నువ్వేమైపోతావే?"

"నాదేముంది. ఒంటిదాన్ని."

ఆ మాటకి హలీనాకి ఒళ్లు మండింది. పద్నాలుగేళ్లుగా ఒకే బల్ల దగ్గర తిని, ఒకే టీ కెటిల్ దగ్గర పోట్లాడుకుని, ఒకరి మందులు ఒకరు గుర్తుచేసుకుంటూ బతికితే, ఇవాళ ఇది ఒంటిదట. ఆమె బూట్లు తొడుక్కుంది. వెనక నుంచి యాద్విగా "వదినా, వదినా" అంటూనే ఉంది. తలుపు తీసి పార పట్టుకుంది.

పెరట్లో మంచు నడుము దాకా ఉంది. పది అడుగుల దూరమైనా తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది. తీగ దగ్గరికి చేరేసరికి చేతులు తన చేతుల్లా లేవు. బొంత బిగుసుకుపోయి తలుపు చెక్కలా నిలబడి ఉంది. ఈసారి కర్ర తేలేదు. ఒక్కో క్లిప్పూ తీసింది. ఆఖరి క్లిప్పు దగ్గర ఆగిపోయింది. అది తీస్తే తను విధవ. పద్నాలుగేళ్లుగా ఊరంతా ఆమెని బ్రోనెక్ పెళ్లాం అనే పిలుస్తోంది, ఆమే అలా పిలిపించుకుంది.

గట్టు అంచుకి వెళ్లి, పొగ లేచే వైపు తిరిగి అరిచింది.

"ఏమయ్యా! సూప్ చల్లారిపోయింది. ఇక రానక్కర్లేదు. చెల్లెలికి బాగా లేదయ్యా. పొయ్యి ఆర్పేసి పడుకో."

గాలి ఆ మాటల్ని మొహం మీదికే కొట్టింది. ఆమె వెనక్కి వచ్చి ఆఖరి క్లిప్పు తీసేసింది. బొంత బరువుకి మంచులో కూలబడి, దాన్ని కావలించుకుని ఏడ్చింది.

తలెత్తి చూసేసరికి పొగ సన్నబడి ఉంది. కాసేపటికి అసలు లేదు. ఒడ్డు దగ్గర కిర్రుమని చప్పుడైంది. ఆ చప్పుడు దూరంగా, ఇంకా దూరంగా సాగిపోయింది. దాని వెంటే అలలు లేచినవి లేచినట్టే ఆగిపోయి తెల్లబడ్డాయి. గాలి ఇంకా వీస్తూనే ఉంది గానీ, పీల్చుకోవడానికి దానికి తడి దొరకలేదు. పైన మబ్బు పలచబడి చిరుగులు పట్టింది. మధ్యాహ్నానికి గల్ పాయింట్ మీద ఎండ పడింది.

నోర్బర్ట్ బండి ముందు మంచు తోసుకుంటూ వస్తే వెనకే అంబులెన్సు వచ్చింది. అతను బండి దిగి, అలవాటుగా ఏదో అనబోయి, ఖాళీ తీగ చూసి టోపీ తీశాడు. స్ట్రెచర్ మీద పోతూ యాద్విగా కూడా ఆ తీగే చూసింది. మొహం అటు తిప్పుకుంది.

వారం తర్వాత ఇంటికొచ్చింది. కాళ్లు మేజోళ్లలో పట్టాయి, రంగు తిరిగింది. వదినతో మాత్రం మాట్లాడలేదు. ఉప్పు కావాల్సి వస్తే బల్ల మీద వేలితో కొట్టేది. ఆరిన బొంత మడత పెట్టి పెట్టె మీద ఉంది. రెండో రోజు దాని వైపు చూస్తూ, "చలేస్తుంది వాడికి" అంది గోడతో చెబుతున్నట్టు.

"తెలుసు. లే, కోటు తొడుక్కో" అంది హలీనా.

సరస్సు మీద పండగలా ఉంది. పద్నాలుగేళ్లుగా మూలపడ్డ సామాన్లు దులుపుకుని జనం మంచుగడ్డకి బెజ్జాలు చేసి చేపలు పడుతున్నారు. నోర్బర్ట్ ఇచ్చిన, మంచు మీద లాగే చక్రాల్లేని బండిలో యాద్విగాని కూర్చోబెట్టి, ఒళ్లో బొంత పెట్టి, హలీనా తాడు పట్టి లాగింది. వాళ్లని చూసి అందరూ పక్కకి తప్పుకున్నారు. పొగ లేచే చోటు ఆమెకి ఎవరూ చూపించనక్కర్లేదు. అక్కడ ఇద్దరూ చెరో కొస పట్టుకుని బొంతను గడ్డ మీద పరిచారు. కాళ్ల వైపు కొంచెం ఎక్కువ వచ్చేలా యాద్విగా తన కొస లాగింది.

పరిచాక హలీనా పక్కనే ఒరిగి గడ్డకి చెవి ఆనించింది. కళ్లు పెద్దవి చేసి ఆడపడుచుని రమ్మని చెయ్యి ఊపింది. యాద్విగా మెల్లగా వంగి తనూ చెవి పెట్టింది.

కింద బ్రోనెక్ గురక పెడుతున్నాడు. ఊరంతా వినబడేదని పెళ్లయిన కొత్తలో హలీనా సిగ్గుతో చచ్చిపోయిన గురక అది.

"ఏమీ మారలేదు" అంది యాద్విగా. వదినతో మళ్లీ ఆడిన మొదటి మాట అదే.

హలీనా కళ్లు తుడుచుకుంది. వెల్లకిలా పడుకుని, పక్క మీద పడుకున్నట్టే సర్దుకుని, ఒకప్పటిలాగే మోచేత్తో గడ్డని ఒక్క పోటు పొడిచింది. అడుగున ఎక్కడో కిర్రుమంది. గురక ఆగింది.

"పక్కకి తిరిగాడు" అంది హలీనా.