కడుపు మీద కత్తి

తోలుకు అంటుకున్న కొవ్వును రెండు పిడుల కత్తితో గీస్తుంటే అది ముద్దలు ముద్దలుగా జారి అతని బూట్ల మీద పడుతోంది. ఛీ, ఏం పనో ఏమో! తోళ్ల షెడ్డులో కొత్తగా చేరినవాడెవడైనా మొదటిరోజు కక్కుకోవాల్సిందే. అతనూ కక్కాడు. కొన్నాళ్లకు ముక్కు పూర్తిగా చచ్చిపోయింది. ఇప్పుడు ఆ కుప్పల పక్కనే కూర్చుని క్యారేజీ విప్పుకుంటాడు.

ఇంట్లో రోతంతా దొరసానితో వచ్చిపడింది. దొరసాని అంటే వాళ్ల పెంపుడు ఆడకుక్క. అది ఎదకొచ్చిందంటే చాలు, వీధిలోని మగకుక్కలన్నీ గుమ్మం ముందు చేరి కరుచుకునేవి, గోడలన్నీ తడిపేవి, చొంగ కార్చుకుంటూ తలుపు గీరేవి. నీళ్లు కొట్టి తరిమినా సిగ్గులేకుండా మళ్లీ తయారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని భార్య ఏళ్లుగా పోరుతూనే ఉంది. అతను చెవిన వేసుకుంటేగా! పొద్దస్తమానం కత్తి పట్టేవాడికి, ఇంటికి రాగానే కాళ్లకు చుట్టుకునే ఆ ఒక్క ప్రాణి కడుపు మీద కూడా కత్తి పెట్టించాలంటే ఒళ్లు జలదరించేది.

ఈ ఉదయం ఆమె మళ్లీ మొదలుపెట్టింది. దొరసాని నీళ్లు తెగ తాగుతోందట, వెనకవైపు అదేపనిగా నాక్కుంటోందట, దగ్గరికెళితే ఒకటే కంపట.

"మళ్లీ ఎదకొచ్చుంటుందిలే. కంపంటావా, అది నా బట్టలది," అని నవ్వేసి పనికి వచ్చేశాడు.

సాయంత్రం ఇంటికి తాళం వేసి ఉంది. మీ ఆవిడ కుక్కని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తిందని పక్కింటామె చెప్పింది. బట్టలైనా మార్చుకోకుండా వెళ్లాడు. వరండాలో కూర్చున్నవాళ్లు ముక్కులు మూసుకుని జరిగారు.

బల్ల మీద, తువ్వాలులో దొరసాని. తోక కింద నుంచి పచ్చటి చీము చిక్కగా కారుతోంది. షెడ్డులో ఎన్ని చూసినవాడైనా అతను ఒక్క క్షణం చూపు తిప్పుకున్నాడు.

"గర్భసంచి నిండా చీమే," అంది డాక్టరు. "చాలారోజులుగా కంపు కొడుతుండాలే, తెలియలేదా?"

"ఆయనకి వాసన తెలీదండీ," అంది భార్య, అతని వైపు చూడకుండా.

ఆ సంచి ముందే తీయించేసి ఉంటే ఈ జబ్బే వచ్చేది కాదంది డాక్టరు. విషం రక్తంలోకి ఎక్కిందట, ఇప్పుడు కోసినా బతకడం కష్టమట.

"కొయ్యండి డాక్టరమ్మా," అన్నాడతను. "మీ కాళ్లు పట్టుకుంటా, కొయ్యండి."

డాక్టరు మత్తుసూది సిద్ధం చేస్తుండగానే దొరసాని మెడ చాపి, కొవ్వు జిడ్డు కూడా కడుక్కోని అతని చేతిని ఒకసారి నాకింది. తర్వాత ఊపిరి తీయలేదు.

చొంగ కార్చే ఆ మగకుక్కల మీద కూడా ఇంత అసహ్యం పుట్టలేదు అతనికెప్పుడూ. తన మీద తనకే ఉమ్మేసుకోవాలనిపించింది. జాలి అనుకున్నాడు, ఇన్నేళ్లూ. గుడ్డి జాలి.

భార్య దాన్ని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన గోనెసంచిలో చుట్టి, పట్టుకోమని కూడా అడక్కుండా బయటికి నడిచింది. ఆసుపత్రి ఆయా ముఖం పక్కకు తిప్పుకుని, తువ్వాలును కర్రతో ఎత్తి చెత్తడబ్బాలో వేసింది. మూత పూర్తిగా పడలేదు. తడిసి బరువెక్కిన తువ్వాలు అంచొకటి బయటికి వేలాడుతూ, కొస నుంచి ఒక్కో చుక్కా నేల మీద పడుతోంది.