కాటా ఎక్కని మామ

తొండియార్‌పేటలో పప్పుల మండీ నడిపే ఏకాంబరానికి అరటికాయ బజ్జీ అంటే ప్రాణం. డాక్టరు ఒళ్ళు తగ్గించమన్నాడు. ఆ మాట పట్టుకుని భార్య జయంతి బజ్జీకి అడ్డం పడింది. తూకం నూరు కిలోల లోపలికి దిగితే తప్ప సాయంకాలం బజ్జీ లేదంది.

దిగిపోయానని నోటిమాటగా చెప్పి తప్పించుకుందామంటే దారి లేదు. మూటలు తూచే కాటా నుంచి కంప్యూటరుకు ఒక వైరు పోతుంది. కాటా మీద ఏది పెట్టినా, ఎవరూ కీబోర్డు ముట్టకుండానే అంకెలు తెర మీద పడిపోతాయి. ఆ కంప్యూటరును నడిపేది ఊరి ఆ చివర షోళింగనల్లూరులో కూర్చున్న కోడలు సింధూరి. ఆమె అక్కడ మౌసు కదిపితే ఇక్కడ తెర మీద బాణం దానంతటది పరుగెత్తుతుంది. దాన్ని చూస్తే ఏకాంబరానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ శుక్రవారం జయంతి కోడలి పక్కనే కూర్చుంది. ఫోను స్పీకరులో పెట్టారు.

"మామా, ఎక్కండి కాటా," అంది సింధూరి.

"ఎక్కతా ఉండామ్మా."

ఎక్కలేదు. మూటలు మోసే అమ్మాసికి సైగ చేశాడు. బక్కపల్చని అమ్మాసి కందిపప్పు మూట భుజాన వేసుకుని ఎక్కాడు. మనిషీ మూటా కలిసి తొంభై తొమ్మిదిన్నర. పొద్దున వైరు పీకి సరిచూసుకున్న లెక్క అది.

"సూపర్ మామా! తొంభై తొమ్మిదిన్నర!"

"ఇన్నావా జయంతీ?"

"ఉండయ్యా, అంకె నిలవనీ," అంది జయంతి.

అమ్మాసి యజమానిని గుసగుసగా అడిగాడు. "మొదలాళీ, నా బజ్జీ?"

ఒప్పందం అదే. ఏకాంబరం పొట్లం విప్పి, చేతులు మూటకు చిక్కిన అమ్మాసి నోట్లో తానే ఒకటి పెట్టాడు. తర్వాత ఇంకొకటి. ఆ వాసనకు తన నోరు ఊరుతుంటే తెర వంక చూడనేలేదు.

"అత్తా, ఇదేంది? యాభై గ్రాములు పెరిగె. అదో, ఇంకో యాభై!"

"ఏమయ్యా, కాటా మీద నిలబడి ఏం తింటా ఉండావు?"

"నేనేడ తింటా ఉండా?"

"నమిలే సద్దు ఈడికి వినపడతా ఉంది!"

ఏకాంబరానికి రోషం పొడుచుకొచ్చింది. తిన్న బజ్జీలకు ఎన్ని తిట్లయినా పడ్డాడు గానీ, తినని బజ్జీకి పడటం ఇదే మొదలు.

"దేవుని మీద ఒట్టు! నా నోట్లో ఒక్క ముక్క పడలా. తినేది అమ్మాసి!"



"మరి కాటా మీద ఉండేది ఎవురు?" అంది జయంతి.

తెర మీద బాణం ఎడమకూ కుడికీ ఊగింది, వేలు ఊపి బెదిరించినట్టు. అమ్మాసి మూటతో సహా దిగాడు. ఏకాంబరం చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి ఎక్కాడు.

మూలనున్న ప్రింటరు ఎవరూ ముట్టకుండానే గిర్రుమంది. బిల్లు ఊడిపడింది.

సరుకు: మామ. తూకం: 108.500. బజ్జీ: లేదు.

పొట్లంలో ఒక్కటి మిగిలింది.

"చల్లారిపోతా ఉంది మొదలాళీ," అన్నాడు అమ్మాసి.

"తిను," అన్నాడు ఏకాంబరం. "ఈడ కాదు. గాలి ఇటు రాకుండా, ఆ సందు చివరికి పోయి తిను."