మూఢంలో వచ్చిన వాన

ఆ వారం మా వీధిలో నేను తప్ప అందరూ సంతోషంగా ఉన్నారు. జనవరిలో ఫ్యాను వేసుకుని పడుకుంటున్నామని ఒకరు, స్వెట్టర్లు బీరువాలోంచి తియ్యనే లేదని ఇంకొకరు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి కూడా నవ్వుతూనే చెప్పింది. గురువారం దాకా పొడి వాతావరణమట, చలి మామూలుకన్నా తక్కువట. బంగాళాఖాతంలో అల్పపీడనం వల్ల శుక్రవారం నుంచి వానలు, ఆ తర్వాత చలి పెరుగుతుందట. ఆమెకేం, చెప్పి వెళ్లిపోయింది. శుక్రవారం అన్న మాట విని నేను రోజులు లెక్కపెట్టాను.

మా ఇల్లు సరూర్‌నగర్ పాత ఊళ్లో. పక్కనున్న పెంకుటిల్లు కొన్న శ్రీరామమూర్తి గారు దాన్ని పడగొట్టి, అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ గుంత తవ్వించారు. మా గోడకు జానెడు దూరంలో, రెండు నిలువుల లోతు. తవ్వకం అయిపోగానే మూఢం వచ్చింది. శుక్రుడు కనబడని రోజుల్లో పెళ్లిళ్లు చెయ్యకూడదు, ఇల్లు మారకూడదు, పునాది వెయ్యకూడదు. దాంతో గుంత గుంతలాగే ఉండిపోయింది. శుక్రుడు మళ్లీ మొహం చూపించేదాకా మా గోడ పక్కన ఏ ఆసరా లేకుండా నిలబడాలన్నమాట.

ఆ గోడ వెనక గదిది. మా మామ అంతయ్య పడుకునేది అందులోనే. నా కూతురు జ్యోతిక ఇంటర్ చదువు కూడా అక్కడే. సోమవారం ఊడుస్తుంటే మూలన పగులు కనబడింది. వేలు పెట్టి చూస్తే కొస లోపలికి పోయింది.

"ఎప్పటి నుంచో ఉన్నదే బిడ్డా," అన్నాడు మామ.

"దసరాకు సున్నం కొట్టిననాడు లేదు మామా. వాన పడితే గీ గోడ ఉండది. బడంగ్‌పేట్‌ల మా తమ్ముని ఇంటికి పోదాం."

"మూఢంల ఇల్లు ఇడిచి పోతరా ఎవలన్న?"

"ఇల్లు ఇడుసుడు గాదు. చుట్టాల లెక్క పోయొద్దాం."

"బియ్యం బస్తా ఏస్కొని పోయేటోల్లను చుట్టాలంటరా?"

నా మొగుడు మహేందర్ ఉంటే ఆయనే చెప్పేవాడు. బాటసింగారం మార్కెట్లో పండ్ల లారీ తోలడానికి ఎక్కితే వారం దాకా ఇంటి మొహం చూడడు. ఫోన్ చేస్తే, నాయిన మాట వినడని నీకు తెల్వదా అన్నాడు. ఇంత తెలివైన మాట చెప్పడానికి నాగ్‌పూర్ దాకా పోవాలా అనుకున్నాను.

మంగళవారం ఎల్బీ నగర్‌లో శ్రీరామమూర్తి గారు అద్దెకున్న ఫ్లాట్‌కి వెళ్లాను. దులిపేద్దామనే వెళ్లాను. ఆయన కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

"నేను ఆపలేదమ్మా. మొదలుపెట్టిన పనికి మూఢం అడ్డు కాదని మా పంతులుగారు చెప్పారు కూడా. మీ మామగారే వచ్చి ఆపారు. ఇప్పుడు పునాది రాయి వేస్తే ఇంట్లో ప్రాణం పోతుందన్నారు. మా అమ్మగారికి ఎనభై దాటాయండి. ఆ మాట విన్నాక నాకు చెయ్యాడలేదు."

తిట్టడానికి నాకు మనిషి మిగల్లేదు. అడుసు తొక్కింది మా మామే. ఇంటికొచ్చి మామను నిలదీశాను.

"మా అన్న మట్టయ్య మూఢంల పునాది ఏసిండు. గోడలు లేవకముందే పోయిండు. నా ఒళ్లెనే పానం ఇడిసిండు. ఆ సారుకు గట్ల గావొద్దని చెప్పిన. మన గోడ సంగతి నాకు తోచలేదు బిడ్డా."

ఆ రాత్రి జ్యోతిక మంచం ముందు గదిలోకి లాగాను. మామ మాత్రం తన మంచం కదలనివ్వలేదు.

బుధవారం సాయంత్రం ఫోన్‌లో వార్త మారింది. అల్పపీడనం తొందరపడుతోందట, గురువారం రాత్రికే వానట. మామకు చెబితే అడ్డం చెప్పలేదు.

"సరే, రేపు పొద్దుగూకంగనే బడంగ్‌పేట్ పోదాం. నువ్వు దుకాణానికి పోయిరా. పిల్ల కాలేజీ నుంచి అటే పోతది."

ఎన్నడూ ఎదురు చెప్పకుండా ఉండని మనిషి అంత మెత్తగా ఒప్పుకుంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. బతికిపోయాం అనుకున్నాను.

గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే చీరల షాపులో ఒకావిడకు జరీ అంచు చూపిస్తుండగా బయట చీకటి కమ్మింది. రాత్రికన్న వాన మధ్యాహ్నమే మొదలైంది. మామకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. చేతిలో చీర అక్కడే పడేసి రోడ్డు మీదికొచ్చాను. ఆటోవాడు అడిగినంత ఇస్తానన్నాను. దారి పొడుగునా వెనక గది గోడ కూలి మంచం మీద పడడమే కళ్లముందు కనబడింది. మైసమ్మ తల్లీ, గోడ పోతే పోనీ, మనిషిని ఉంచు అని మొక్కుకున్నాను.

వీధి మొదట్లోనే జనం. గుంతకు అవతలి గట్టు కూలి సగం దాకా జారిపోయింది. మా వైపు గట్టు నిలిచి ఉంది. దాన్ని ఆనుకుని అడుగున రాళ్ల వరుస, దాని మీద పైదాకా ఇసుక బస్తాలు, వాటి మీద టార్పాలిన్ పట్టా. మామ మా గుమ్మంలో తడి ముద్దయి కూర్చున్నాడు. పక్కన శ్రీరామమూర్తి గారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు, ఆయనా తడిసే ఉన్నారు.

"పొద్దున్నే మీ మామగారు వచ్చి కూలీల్ని పిలిపించమన్నారమ్మా. రాయి పెట్టకూడదు కదండీ అన్నాను. మొదటి రాయి తనే పెడతానన్నారు. పసుపు కుంకుమ పెట్టి, అంతయ్య అనే నేను ఈ రాయి పెడుతున్నాను, కీడంటూ ఉంటే నాకే రావాలి, ఇంకెవరికీ వద్దు అని మొక్కారు. నేను వద్దంటూనే ఉన్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్నెవరు పెట్టమన్నరు మామా?"

"అన్నది నేనే గదా. ఆపింది నేనే," అన్నాడు.

గోడ నిలిచింది. చెప్పినట్టే వాన వెనకాలే చలి వచ్చింది. మామకు జ్వరం వచ్చింది. తడిసినందుకే, భయం లేదని దవాఖానలో చెప్పి మందులిచ్చారు. మామ నన్ను సంతోషపెట్టడానికన్నట్టు మింగుతున్నాడు. ఆదివారం జ్యోతికను పిలిచి, తన గడియారం తీసుకొమ్మన్నాడు. ఏడవొద్దు, అనుకున్నదే కదా అన్నాడట. అది వచ్చి నాతో చెప్పి ఏడ్చింది.

నేను మూఢాన్ని నమ్మను. ఇది వట్టి జ్వరమని నాకు తెలుసు. అయినా పక్క గదిలో దగ్గు ఆగితే లేచి వెళ్లి, ఊపిరి ఆడుతోందా అని చూస్తున్నాను. ఆ మనిషి పోతాడని నాకు ఒకటే భయం.

ఇవాళ సాయంత్రం ఎవరూ లేనప్పుడు నిచ్చెన వేసుకుని గుంతలోకి దిగాను. అడుగున బురద నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. బస్తాల చివర, పసుపు ఇంకా అంటుకుని, మామ పెట్టిన ఆ రాయి ఉంది. వంగి దాని మీద చెయ్యి పెట్టాను.

"యాదలక్ష్మి అనే నేను గూడ పెడుతున్న. అంతా ఒక్కని మీద ఎయ్యకు. సగం నాకియ్యి."

జ్యోతిక గుర్తొచ్చింది. అయినా చెయ్యి తియ్యలేదు.